Guyana 1953: గెలిచింది 18 సీట్లు.. ఉన్నది 133 రోజులే! గయానా తొలి ఓట్ల పండగ కథ ఇదీ

24 సీట్లలో 18 గెలిచిన పార్టీని ఎవరు దింపుతారు? ప్రతిపక్షం బలం అంతంత మాత్రమే. అవిశ్వాసం మాటే లేదు. అయినా 133 రోజులకే ఆ ప్రభుత్వం ఇంటికెళ్లింది. పంపింది లండన్.

అప్పటికి గయానా పేరు బ్రిటిష్ గయానా. మ్యాప్‌లో దక్షిణ అమెరికా అంచున ఉంటుంది కానీ, భాష, క్రికెట్, చెరకు తోటలు అన్నీ కరీబియన్‌వే. 1838 నుంచి 1917 దాకా భారత్ నుంచి ఒప్పంద కూలీలను ఓడల్లో అక్కడికి తరలించారు. ఎక్కువ మంది కలకత్తా నుంచి వెళ్లారు. మద్రాసు రేవు నుంచి ఎక్కినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడ వీళ్లందరినీ కలిపి 'మద్రాసీ' అనేసేవారు.

1953 ఏప్రిల్ 27న పోలింగ్. ఆస్తి ఉందా, చదువొచ్చా అని అడగకుండా వయోజనులందరికీ ఓటు ఇవ్వడం అక్కడ అదే మొదటిసారి. మన దేశంలో తొలి సార్వత్రిక ఎన్నికలు ముగిసి అప్పటికి ఏడాది దాటిందంతే.

పీపుల్స్ ప్రోగ్రెసివ్ పార్టీ (పీపీపీ) నాయకుడు చెడ్డీ జగన్. ఉత్తరప్రదేశ్‌లోని బస్తీ ప్రాంతం నుంచి వెళ్లిన కుటుంబం, చెరకు తోటల్లో బతుకు. ఆయన అమెరికాలో డెంటిస్ట్ చదివొచ్చారు. పక్కనే ఆఫ్రికన్ మూలాలున్న లాయర్ ఫోర్బ్స్ బర్న్‌హామ్. భారతీయులు, ఆఫ్రికన్లు ఒకే జెండా కింద నిలబడ్డారు. అసలు బలం అదే. ఓట్లలో 51 శాతం పీపీపీకే పడ్డాయి. జగన్ భార్య జానెట్ సహా ముగ్గురు మహిళలు కూడా గెలిచారు.

పేరుకు మంత్రులే. వీటో పవర్ మాత్రం గవర్నర్ చేతిలోనే. గొడవ ముదిరింది చెరకు తోటల దగ్గర. కార్మికుల్లో మెజారిటీ ఏ యూనియన్ కావాలంటే యజమానులు దాన్నే గుర్తించాలంటూ ప్రభుత్వం ఓ బిల్లు తెచ్చింది. 1948లో ఎన్‌మోర్ తోటలో పోలీసుల కాల్పుల్లో ఐదుగురు కార్మికులు చనిపోయిన గాయం ఇంకా పచ్చిగానే ఉంది. కాబట్టి ఈ బిల్లు వాళ్లకు చిన్న విషయం కాదు.

లండన్‌లో అప్పుడు చర్చిల్ సర్కార్. కోల్డ్ వార్ టైమ్. 'కమ్యూనిస్టు రాజ్యం తెస్తున్నారు' అంటూ సైన్యాన్ని దింపి, అక్టోబర్ 9న రాజ్యాంగాన్నే సస్పెండ్ చేసింది. మంత్రుల పదవులు పోయాయి.

జగన్, బర్న్‌హామ్ ఇద్దరూ మద్దతు కోసం లండన్ వెళ్లి, అక్కడి నుంచి భారత్‌కూ వచ్చారు. నెహ్రూను కలిశారు. తిరిగెళ్లాక ఊరు దాటొద్దన్న ఆంక్షను ఉల్లంఘించారంటూ 1954లో జగన్‌కు ఆరు నెలల జైలు శిక్ష వేశారు.

లండన్ దెబ్బ కన్నా పెద్ద దెబ్బ ఆ తర్వాత ఇంట్లోంచే తగిలింది. 1955లో పార్టీ రెండుగా చీలింది. బర్న్‌హామ్ వేరు కుంపటి పెట్టుకున్నారు. అక్కడి నుంచి ఓటు భారతీయులు, ఆఫ్రికన్లుగా విడిపోతూ వచ్చింది. 1957, 1961ల్లో జగన్ మళ్లీ గెలిచారు. 1964లో ఎన్నికల పద్ధతినే మార్చేశారు. పీపీపీ 24 సీట్లతో పెద్ద పార్టీగా నిలిచినా, కూటమి కట్టి పగ్గాలు పట్టింది బర్న్‌హామే. 1966లో స్వాతంత్ర్యం వచ్చింది కూడా ఆయన హయాంలోనే.

జగన్ మళ్లీ అధికారంలోకి వచ్చేసరికి 1992. ఈసారి దేశాధ్యక్షుడిగా. ఆయన మరణించిన 1997లోనే జానెట్ కూడా అధ్యక్షురాలయ్యారు.