వేసవి శిక్షణకు జీతం ఎందుకు

ఇంజనీరింగ్ విద్యార్థి వేసవి సెలవుల్లో ఏ కార్ల ఫ్యాక్టరీకో వెళ్లి కొన్ని వారాలు పని నేర్చుకుని రావాలన్నది ఇవాళ మన కాలేజీల్లో మామూలు మాట. సాంకేతిక విద్యను పర్యవేక్షించే జాతీయ మండలి ఏఐసీటీఈ 2018లో ఇచ్చిన నమూనా పాఠ్యప్రణాళిక ఆ దారి చూపింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వచ్చిన నిబంధనలు రెండు వేసవి ఇంటర్న్‌షిప్‌లను తప్పనిసరి చేశాయి. ఎన్ని వారాలుండాలి, ఎన్ని క్రెడిట్లు వస్తాయి, నివేదిక ఎవరు దిద్దాలి అన్న విషయాల మీద చర్చ చాలానే జరిగింది. ఆ వారాలకు విద్యార్థికి జీతం ఎవరిస్తారన్న ప్రశ్న మాత్రం ఎవరూ గట్టిగా అడగరు. లోపలికి రానివ్వడమే కంపెనీ చేసే ఉపకారమన్నట్టూ, ఆపైన డబ్బు అడగడం అత్యాశ అన్నట్టూ మాట్లాడతారు. సర్టిఫికెట్ కోసం విద్యార్థే ఎదురు డబ్బు కట్టే చోట్లు కూడా తయారయ్యాయి. ఈ పద్ధతి ఎలా పుట్టిందో, ఎక్కడ నిలదొక్కుకుందో చూస్తే తేలేది వేరు. ఫ్యాక్టరీలో చదువు జరగడానికి జీతమే కారణం. జీతమిచ్చిన మనిషికే ఫ్యాక్టరీ అసలు పని అప్పగిస్తుంది. అసలు పని చేతిలో పడితేనే పుస్తకంలో చదివింది ఎక్కడ సరిపోతుందో, ఎక్కడ సరిపోదో తెలుస్తుంది.

చదువుకు మధ్యలో వేసవిని పనికి వదిలే అలవాటు కార్ల కంటే పాతది. గ్లాస్గో విశ్వవిద్యాలయం 1840లోనే ఇంజనీరింగ్‌కు ఆచార్య పీఠం ఏర్పరచింది. అప్పటి స్కాట్లాండ్‌లో తరగతులు నవంబరు నుంచి ఏప్రిల్ దాకానే ఉండేవి. మిగిలిన నెలల్లో విద్యార్థులు ఓడల యార్డుల్లోనూ ఇంజన్ల కార్ఖానాల్లోనూ పనికి కుదిరేవారు. వాళ్లు చూడటానికి వెళ్లినవాళ్లు కాదు, పనికి వెళ్లినవాళ్లు. అక్కడ చదివిన హెన్రీ డయర్ 1873లో జపాన్ వెళ్లి, టోక్యోలో ఇంపీరియల్ ఇంజనీరింగ్ కళాశాలకు పాఠ్యక్రమం రాసినప్పుడు, ఆరేళ్ల కోర్సులో చివరి రెండేళ్లూ పూర్తిగా పనికే వదిలారు. ఇంగ్లండ్‌లోని సండర్లాండ్ సాంకేతిక కళాశాల 1903లో చదువునూ ఉద్యోగాన్నీ మార్చి మార్చి నడిపే కోర్సు పెట్టింది.

ఈ అలవాటును ఒక విద్యావిధానంగా నిలబెట్టింది మాత్రం అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయం. లీహై విశ్వవిద్యాలయంలో పనిచేసి 1903లో అక్కడికి వచ్చిన హెర్మన్ ష్నైడర్ సివిల్ ఇంజనీరింగ్ ఆచార్యులు. వృత్తిలో బాగా రాణించిన పట్టభద్రుల్లో ఎక్కువమంది చదువుకునే రోజుల్లోనే ఎక్కడో కూలికో జీతానికో పనిచేసినవాళ్లన్న సంగతి ఆయన గమనించారు. 1906లో 27 మంది విద్యార్థులతో ప్రయోగం మొదలైంది. పాలకమండలికి దానిమీద ఎంత అనుమానమంటే, విఫలమైతే బాధ్యత తమది కాదని ముందే చెప్పి ఒక్క ఏడాదికి అనుమతిచ్చింది. ష్నైడర్ ఏర్పాటు సులువైనదే. ఇద్దరు విద్యార్థులకు కలిపి ఒక ఉద్యోగం. ఒకడు ఈ వారం తరగతిలో ఉంటే రెండోవాడు యంత్రం దగ్గర ఉంటాడు, వచ్చే వారం ఇద్దరూ చోట్లు మార్చుకుంటారు. లేత్ ఒక్క రోజు కూడా ఖాళీగా ఉండదు కాబట్టి యజమానికి నష్టం లేదు. అందుకే జీతం ఇవ్వడానికి అతనికి అభ్యంతరమూ లేదు. విద్యార్థి ఫ్యాక్టరీలో ఏం చేస్తున్నాడో చూసి, దాన్ని తరగతి పాఠంతో కలపడానికి కళాశాల ఒక అధ్యాపకుణ్ని ప్రత్యేకంగా నియమించింది. మన దగ్గర చాలాచోట్ల జారిపోయింది ఈ చివరి ఏర్పాటే.

కార్ల పరిశ్రమ ఈ ఆలోచనను అందుకున్న తీరును కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే ఇంత పెద్ద ఎత్తున, ఇంతకాలం నడిచిన ఉదాహరణలు అరుదు. డెట్రాయిట్ వైపు హెన్రీ ఫోర్డ్ 1916లో ఆరుగురు పిల్లలతో ట్రేడ్ స్కూలు పెట్టారు. పిల్లలు తయారుచేసిన పనిముట్లను ఫ్యాక్టరీయే వాడుకునేది, వాళ్లకు డబ్బు ఇచ్చేది. ఆ బడి 1952 దాకా నడిచింది. 1908లో జనరల్ మోటార్స్ పుట్టిన ఫ్లింట్ పట్టణంలో 1919లో ఆటోమొబైల్ వృత్తుల పాఠశాల మొదలైంది. ఆల్బర్ట్ సోబీ నడిపిన ఆ బడిని కంపెనీ 1926లో తన చేతుల్లోకి తీసుకుంది. అదే తర్వాత జనరల్ మోటార్స్ ఇన్‌స్టిట్యూట్ అయింది. అందులో సీటు కావాలంటే ముందు కంపెనీ తాలూకు ఏదో ఒక ప్లాంటు ఆ విద్యార్థిని తన మనిషిగా ఎంచుకోవాలి. విద్యార్థులను ఏ, బీ అని రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టు తరగతిలో ఉన్నప్పుడు రెండోది ప్లాంటులో ఉండేది, కొన్ని వారాలకు తారుమారయ్యేది. ప్లాంటులో సంపాదించినదాంతో ఫీజు కట్టుకోవచ్చు. 1945లో సంస్థకు డిగ్రీలిచ్చే హక్కు వచ్చినప్పుడు ఐదో ఏడు చేర్చి, ప్రతి విద్యార్థీ తన ప్లాంటులోని ఒక నిజమైన సమస్య మీద పరిశోధనా వ్యాసం రాయాలన్నారు. సమస్య ప్లాంటుది కాబట్టి వ్యాసం ఎవరో ఒకరు శ్రద్ధగా చదివి తీరేవారు. ఎవరూ తిరగెయ్యని నివేదికలు రాసే మన విద్యార్థులకు ఆ ఒక్క సంగతి ఎంత పెద్దదో చెప్పక్కర్లేదు.

ఆ చదువు ఎలా ఉండేదో చెప్పడానికి అందరికీ తెలిసిన ఉదాహరణ మేరీ బారా. డై తయారీ పనిచేసే కార్మికుడి కూతురు ఆమె. 1980లో పద్దెనిమిదేళ్ల వయసులో జనరల్ మోటార్స్ పాంటియాక్ విభాగంలో చేరి, లైను మీద వచ్చే ఫెండర్లూ బానెట్లూ తనిఖీ చేసేవారు. ఆ డబ్బుతోనే ఫీజు కట్టి 1985లో అదే ఇన్‌స్టిట్యూట్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తిచేశారు. 2014 జనవరిలో కంపెనీ అధిపతి అయ్యారు. అందరూ అంత ఎత్తుకు వెళ్తారని కాదు. ఫెండరు మీద సొట్ట పట్టుకోవడం చిన్న పనే. కానీ ఆమె వదిలేసిన సొట్ట కొనుగోలుదారు దాకా వెళ్తుంది. ఆ బాధ్యతే అక్కడి పాఠం, దానికి వెల కట్టారు కనుకే ఆమెకు ఆ పని దొరికింది.

కంపెనీ డబ్బుతో నడిచే చదువు కంపెనీ మనుషులనే తయారుచేస్తుంది కదా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన సందేహమే. 1936 డిసెంబరు 30న కార్మికులు ప్లాంట్లలోనే కూర్చుని మొదలుపెట్టి, 44 రోజుల తర్వాత 1937 ఫిబ్రవరి 11న యూనియన్‌కు గుర్తింపు సాధించిన సమ్మె జరిగింది ఇదే ఫ్లింట్‌లో. యజమానికీ కార్మికుడికీ మధ్య అంత పోరు నడిచిన ఊళ్లో, యజమాని కాలేజీ తటస్థంగా ఉంటుందని ఎవరూ నమ్మనక్కర్లేదు. అయితే జీతం తీసేస్తే ఆ పక్షపాతం పోతుందా? విద్యార్థి కంపెనీ దయ మీద మరింత ఆధారపడతాడు, అంతే. 1982లో కంపెనీ ఆ ఇన్‌స్టిట్యూట్‌ను వదులుకుంది. అది స్వతంత్ర సంస్థగా నిలిచి, 1998లో కెటరింగ్ విశ్వవిద్యాలయంగా పేరు మార్చుకుని, వేర్వేరు యజమానుల దగ్గరికి విద్యార్థులను జీతం మీద పంపుతూ అదే పద్ధతి కొనసాగించింది. యజమాని మారినా పద్ధతి బతికిందంటే, దాని బలం ఒక కంపెనీ ఔదార్యంలో లేదని తేలింది.

జీతానికీ అసలు పనికీ ఉన్న ముడిని న్యాయస్థానాలు కూడా చూపించాయి. రైల్వే యార్డులో బ్రేకుల పని నేర్చుకోవడానికి సుమారు వారం రోజులు జీతం లేకుండా గడిపినవారు ఉద్యోగులా కాదా అన్న కేసులో, అమెరికా సుప్రీంకోర్టు 1947లో కాదని తీర్పిచ్చింది. వాళ్లవల్ల అసలు కార్మికుడి పని తగ్గలేదని, పైగా ఒక్కోసారి పని నెమ్మదించేదని కోర్టు గమనించింది. అంటే జీతం ఇవ్వకపోవడం సబబు కావాలంటే, నేర్చుకునేవాడి పని ఎవరికీ ఉపయోగపడకుండా ఉండాలి. వారం రోజులకు అది సరిపోవచ్చు. ఇంజనీరు కాబోయేవాణ్ని రెండు నెలల పాటు ఎవరికీ అక్కరకు రాని పనిలో కూర్చోబెడితే వాడు నేర్చుకునేదేమిటి? జీతమివ్వని యజమాని ఆ విద్యార్థిని ప్రెస్ షాపులో సందర్శకులు దాటకూడని పసుపు గీత అవతలే నిలబెట్టి చూపించి పంపేస్తాడు, అతని లెక్కలో అది సమంజసమే.

జీతం ఒక్కటే చాలదన్నది ఇంకా గట్టి అభ్యంతరం, దాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. చైనాలోని ఫోషాన్ నగరంలో హోండా కార్లకు గేర్‌బాక్సులు తయారుచేసే నాన్‌హాయ్ ప్లాంటులో 2010 మే 17న సమ్మె మొదలైంది. అక్కడ పనిచేస్తున్నవాళ్లలో వృత్తివిద్యా పాఠశాలల నుంచి వచ్చిన ఇంటర్న్‌లు చాలామంది. పూర్తి కార్మికుడు చేసే పనే చేస్తూ, అంతకంటే తక్కువ డబ్బు తీసుకునేవారు. పని అసలుదే, జీతమూ ఉంది, చదువు మాత్రం లేదు. పాఠశాల తరఫున ఆ లైను దగ్గరికి వచ్చి ఏం నేర్చుకున్నావని అడిగే మనిషి ఉంటే అది వేరే సంగతి. చైనా 2016లో తెచ్చిన నియమాలు ఇంటర్న్‌ల సంఖ్యను సిబ్బందిలో పదో వంతుకు పరిమితం చేసి, ప్రొబేషన్ జీతంలో కనీసం 80 శాతం ఇవ్వాలన్నాయి. చవక కూలీగా వాడుకోవడాన్ని అరికట్టడానికి ఆ దేశం జీతాన్ని తీసెయ్యలేదు, పెంచింది. విద్యార్థి ఖరీదు పెరిగేకొద్దీ అతన్ని దుర్వినియోగం చెయ్యాలన్న ఆశ తగ్గుతుంది.

మన దేశంలో 1961 అప్రెంటిస్ చట్టం నేర్చుకునేవాణ్ని శిక్షణార్థి అంది, కార్మికుడు కాదంది, అయినా స్టైపెండ్ ఇచ్చి తీరాలంది. 1973 సవరణ డిగ్రీ, డిప్లొమా ఇంజనీర్లనూ అందులోకి తెచ్చింది. కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రమే భరించే ఏర్పాటు వచ్చింది. కానీ అది ఎక్కువగా చదువు ముగిసినవాళ్లకే. చదువు నడుస్తుండగా చేసే పనికి అదే 1973లో పిలానీ బిట్స్, సి.ఆర్. మిత్రా నాయకత్వంలో, ప్రాక్టీస్ స్కూల్ పెట్టింది. రెండో ఏడాది తర్వాత వేసవిలో రెండు నెలలు, చివర్లో ఐదున్నర నెలలు. అధ్యాపకుణ్ని పని జరిగేచోటికే పంపి, మార్కులు అక్కడే వేయించారు. 2008 నుంచి హైదరాబాద్ ప్రాంగణంలోనూ అదే నడుస్తోంది. మిగతా కాలేజీలు ఆ కోర్సులోంచి వారాల లెక్కను మాత్రం తీసుకుని, వెంట వెళ్లే అధ్యాపకుణ్ని వదిలేశాయి.

ఇంత మందికి జీతాలిచ్చే కంపెనీలెక్కడున్నాయన్నది మిగిలిన ప్రశ్న. పెనుకొండ దగ్గర కియా ప్లాంటు 2019 నుంచి కార్లు తయారుచేస్తోంది, ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యంతో అది మొదలైంది. ఎంత పెద్దదైనా రాష్ట్రంలోని మెకానికల్ విద్యార్థులందరినీ అది తీసుకోలేదు, తీసుకోవాల్సిన పనీ లేదు. విడిభాగాల కంపెనీలున్నాయి, విజయవాడ ఆటోనగర్‌లో ఇంజన్ బోరింగ్, లేత్ వర్కులు, బాడీ కట్టే షెడ్లున్నాయి. చిన్న షెడ్డు యజమాని పూర్తి జీతం ఇవ్వలేకపోతే ప్రభుత్వం సగం భరించే దారి చట్టంలో అర్ధ శతాబ్దంగా ఉంది, దాన్ని చదువుతున్నవాళ్లందరికీ తెరవాలి. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం నెలకు 5,000 రూపాయలు ప్రకటించినా, పూర్తికాలం చదువుకుంటున్న విద్యార్థిని బయటే ఉంచింది. ఆ షరతు మార్చాలి. విశ్వవిద్యాలయాలు కూడా ఇంటర్న్‌షిప్ ఫారంలో క్రెడిట్ల పక్కనే స్టైపెండ్ ఎంతో, ఏ అధ్యాపకుడు ఏ తేదీల్లో ప్లాంటుకు వెళ్లారో రాయించాలి. ఆ రెండు గళ్లూ ఖాళీగా ఉన్న ఫారాన్ని ఆమోదించకూడదు.