అమెరికా ఉప ఎన్నికలు – మధ్యంతర ఎన్నికల సూచనలు

అమెరికా కాంగ్రెస్‌లో సభ్యుని మరణం, రాజీనామా వంటి కారణాలతో ఖాళీ అయిన స్థానానికి జరిగే ఎన్నికను అక్కడ స్పెషల్ ఎలక్షన్ అంటారు. మన ఉప ఎన్నిక వంటిదే ఇది. అధ్యక్షుని నాలుగేళ్ల పదవీకాలం నడుమ వచ్చే కాంగ్రెస్ ఎన్నికలు మధ్యంతర ఎన్నికలు. భారతదేశంలో ఈ మాటకు సభ ముందే రద్దయి వచ్చే ఎన్నికలని అర్థం. అమెరికాలో ఇవి గడువు ప్రకారమే జరుగుతాయి. ప్రతినిధుల సభలోని 435 స్థానాలకూ, సెనేట్‌లో సుమారు మూడోవంతుకూ అప్పుడు పోలింగ్ ఉంటుంది. వాటికి ముందు జరిగే ఉప ఎన్నికలను జనం నాడిగా చూడడం అక్కడ చిరకాలంగా ఉన్న అలవాటు.

నేపథ్యం

ప్రతినిధుల సభలో ఖాళీని నియామకంతో నింపే వీలు లేదు. గవర్నర్ ఎన్నిక జరిపించాల్సిందే. సెనేట్‌లో మాత్రం 1913 నాటి 17వ సవరణ ప్రకారం, రాష్ట్ర శాసనసభ అనుమతిస్తే గవర్నర్ తాత్కాలికంగా ఒకరిని నియమించవచ్చు. మధ్యంతర ఎన్నికల్లో అధ్యక్షుని పార్టీ ప్రతినిధుల సభలో సీట్లు కోల్పోవడం ఆనవాయితీ. 1930ల నుంచి ఆ పార్టీ సీట్లు పెంచుకున్నది మూడుసార్లే: 1934, 1998, 2002.

చరిత్ర

1974 ఫిబ్రవరిలో, రిపబ్లికన్ అధ్యక్షుణ్ని చుట్టుముట్టిన వాటర్‌గేట్ కుంభకోణం ముదిరిన వేళ, పెన్సిల్వేనియాలో రిపబ్లికన్ల స్థానాన్ని డెమోక్రాట్ జాన్ మర్తా 122 ఓట్ల తేడాతో గెలుచుకున్నారు. అదే నెలలో, ఉపాధ్యక్షుడైన జెరాల్డ్ ఫోర్డ్ ఖాళీ చేసిన మిషిగన్ స్థానం కూడా డెమోక్రాట్ల వశమైంది. అక్కడ ఫోర్డ్ 1949 నుంచి సభ్యుడు. నవంబర్‌లో డెమోక్రాట్లకు 49 సీట్లు పెరిగాయి. 1994 మేలో, విలియం నాచర్ 1953 నుంచి గెలుస్తూ వచ్చిన కెంటకీ స్థానం రిపబ్లికన్లకు దక్కింది. ఆ నవంబర్‌లో ప్రతినిధుల సభపై డెమోక్రాట్ల 40 ఏళ్ల ఆధిపత్యం ముగిసింది.

2010 సూచనలు మాత్రం పరస్పర విరుద్ధంగా వచ్చాయి. డెమోక్రాట్ ఎడ్వర్డ్ కెనెడీ మరణంతో ఖాళీ అయిన మసాచుసెట్స్ సెనేట్ స్థానాన్ని జనవరిలో రిపబ్లికన్ స్కాట్ బ్రౌన్ గెలిచారు. మర్తా మరణంతో మేలో వచ్చిన ఉప ఎన్నికలో డెమోక్రాట్లు ఆ స్థానాన్ని నిలబెట్టుకుని ఊపిరి పీల్చుకున్నారు. నవంబర్‌లో రిపబ్లికన్లకు 63 సీట్లు పెరిగాయి. 1974లో నిజం చెప్పిన నియోజకవర్గమే 2010లో దారి తప్పించింది.

2017 డిసెంబర్‌లో అలబామా సెనేట్ స్థానాన్ని డెమోక్రాట్ డగ్ జోన్స్ గెలిచారు. అంతకుముందు అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్ డొనాల్డ్ ట్రంప్‌కు దాదాపు 20 శాతం ఆధిక్యం వచ్చిన పెన్సిల్వేనియాలోని మరో స్థానం 2018 మార్చిలో డెమోక్రాట్ కానర్ లాంబ్‌కు దక్కింది. ఆ ఏడాది డెమోక్రాట్లకు 40 సీట్లు పెరిగాయి. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కుపై పాత తీర్పును కొట్టివేసింది. ఆగస్టులో న్యూయార్క్‌లో డెమోక్రాట్ ప్యాట్ రయన్ గెలుపు ఆ కొట్టివేతపై ఓటర్ల ఆగ్రహాన్ని ముందే చూపింది. నవంబర్‌లో రిపబ్లికన్లకు పెరిగినవి 9 సీట్లే.

అంచనా విధానం, పరిమితులు

విశ్లేషకులు గెలుపోటములకన్నా తేడాకు ప్రాధాన్యమిస్తారు. ఆ స్థానంలో గత అధ్యక్ష ఎన్నికల ఆధిక్యంతో ఉప ఎన్నిక ఆధిక్యాన్ని పోల్చి, అనేక స్థానాల సగటు తీస్తారు. 2025 ఏప్రిల్‌లో ఫ్లోరిడాలోని రెండు స్థానాలను రిపబ్లికన్లు నిలబెట్టుకున్నా, ట్రంప్‌కు 30 శాతం, అంతకు మించి ఉన్న ఆధిక్యం 15 శాతం లోపుకు పడిపోయింది. డిసెంబర్‌లో టెన్నెసీలోని ఒక స్థానంలో 22 శాతం ఆధిక్యం సుమారు 9 శాతానికి తగ్గింది.

ఈ లెక్కకు పెద్ద హెచ్చరిక 2024. అంతకుముందు ఉప ఎన్నికల్లో డెమోక్రాట్లు బాగా రాణించినా అధ్యక్ష పదవి ట్రంప్‌కు దక్కింది. ఉప ఎన్నికకు వచ్చేది రాజకీయాలను నిత్యం గమనించే కొద్దిమందే. అధ్యక్ష ఎన్నికలకు అరుదుగా ఓటేసేవారూ కదులుతారు. మధ్యంతర ఎన్నికల పోలింగ్ ఈ రెంటి నడుమ ఉంటుంది. కాబట్టి ఉప ఎన్నికల సూచన అధ్యక్ష ఎన్నికలకన్నా మధ్యంతర ఎన్నికలకే ఎక్కువగా వర్తిస్తుంది. అభ్యర్థి మంచి పేరు, స్థానిక సమస్య, వెచ్చించిన డబ్బు ఒక్కో ఫలితాన్ని తారుమారు చేయగలవు.

ఉప ఎన్నిక వార్త చదివే పాఠకుడు విజేత పేరుతో ఆగిపోకూడదు. గతంలో అక్కడ ఆధిక్యం ఎంత, ఈసారి ఎందరు ఓటేశారు, మిగతా ఉప ఎన్నికలూ అటే మొగ్గుతున్నాయా అన్న మూడు ప్రశ్నలూ వేసుకోవాలి.