కంట్రీసైడ్ స్టూవర్డ్‌షిప్ పథకము

కంట్రీసైడ్ స్టూవర్డ్‌షిప్ పథకము ఇంగ్లండులో 1991లో ప్రారంభమైన ప్రభుత్వ పథకము. పొలములలోని పాత కంచెలను, రాతి గోడలను, పచ్చిక బయళ్ళను, పురాతన కట్టడముల ఆనవాళ్ళను కాపాడుచు, గ్రామసీమను చూడవచ్చిన వారికి దారి ఇచ్చు రైతులకు దీని క్రింద డబ్బు చెల్లించేవారు. 'స్టూవర్డ్' అనగా పరుల ఆస్తిని బాధ్యతతో చూచుకొనువాడు. తెలుగులో 'ధర్మకర్త' అను మాట దీనికి దగ్గరగా ఉన్నది. ఈ పేరుతో రెండు పథకములున్నవి. మొదటిది 1991 నుండి 2004 వరకు కొత్త రైతులను చేర్చుకొన్నది. రెండవది 2015లో వచ్చినది. ఈ వ్యాసము ముఖ్యముగా మొదటిదాని గురించి.

నేపథ్యము

రెండవ ప్రపంచయుద్ధము తరువాత బ్రిటన్ వ్యవసాయ విధానమునకు ఆహారోత్పత్తిని పెంచుటయే లక్ష్యమైనది. ట్రాక్టర్లు, కోతయంత్రములు తిరుగుటకు వీలుగా చిన్న మడులను కలిపి పెద్ద పొలములు చేశారు. అడ్డమొచ్చిన జీవకంచెలను పెకలించుటకు కొంతకాలము ప్రభుత్వమే సహాయధనము ఇచ్చినది. తరువాత అవే కంచెలను తిరిగి నాటుటకు కూడా ప్రభుత్వమే డబ్బు ఇయ్యవలసి వచ్చినది!

ఈ మార్పునకు నార్ఫోక్‌లోని హాల్వర్‌గేట్ చిత్తడి నేలలు ఒక మలుపు. 1980లలో అక్కడి రైతులు పశువులు మేయు పచ్చికను దున్ని గోధుమ వేయుటకు సిద్ధమైనపుడు పెద్ద వివాదము చెలరేగినది. అప్పటి చట్టము ప్రకారము రైతు దున్నకుండా ఆగినందుకు, అతడు పోగొట్టుకొన్న లాభమును పరిహారముగా ఇయ్యవలసి ఉండేది. అనగా ఏ పనీ చేయనందుకు చెల్లింపు. 1985లో ఒక ప్రయోగముగా, పశువులను మేపు పద్ధతిని కొనసాగించు రైతుకు ఎకరమునకు 50 పౌండ్లు ఇచ్చుట మొదలుపెట్టారు. 1986 వ్యవసాయ చట్టము ఈ పద్ధతిని ఇతర ప్రాంతములకు విస్తరించినది. కాని అది ప్రభుత్వము గుర్తించిన ప్రత్యేక ప్రాంతములకే పరిమితము. వాటికి వెలుపలనున్న మామూలు పల్లెల రైతులకు 1991 పథకము అవకాశము కల్పించినది. మొదట కంట్రీసైడ్ కమిషన్ అను సంస్థ దీనిని నడిపినది. 1996లో వ్యవసాయ మంత్రిత్వశాఖకు బదిలీ అయినది.

పనిచేసిన తీరు

చేరుట స్వచ్ఛందము. రైతు సాధారణముగా పదేళ్ళ ఒప్పందము చేసుకొనేవాడు. భూమిని నిర్ణీత పద్ధతిలో ఉంచినందుకు హెక్టారుకు ఇంత అని ఏటా చెల్లింపు ఉండేది. కంచె వేయుట, కూలిన గోడను తిరిగి కట్టుట, దారిలో మెట్లు, గేట్లు అమర్చుట వంటి పనులకు విడిగా డబ్బు ఇచ్చేవారు. దరఖాస్తు చేసిన వారందరికీ దొరికేది కాదు. ఎక్కువ మేలు చేయగల పొలములను ఎంపిక చేసేవారు.

ఇక్కడ కంచె అనగా ఇనుప ముళ్ళతీగ కాదు. హాథార్న్, బ్లాక్‌థార్న్ వంటి ముళ్ళ మొక్కలను వరుసగా నాటి పెంచిన జీవకంచె. దాని సంరక్షణ ఒక విద్య. ముదిరిన కాండమును మొదట్లో చాలావరకు నరికి, పూర్తిగా తెగకుండా వంచి పడుకోబెడతారు. మొదలు నుండి కొత్త చిగుళ్ళు లేచి కంచె మరల దట్టమగును. హాథార్న్ క్రిందటి ఏడాది పెరిగిన కొమ్మలపై పూస్తుంది. కనుక ఏటా యంత్రముతో కత్తిరించిన కంచెకు పువ్వులు, కాయలు దాదాపు ఉండవు. రెండు మూడేళ్ళకొకసారి కత్తిరిస్తే చలికాలములో పక్షులకు కాయలు మిగులును. 1997 నుండి 30 ఏళ్ళు దాటిన జీవకంచెలలో అధికభాగమును ముందుగా స్థానిక సంస్థకు తెలుపకుండా తొలగించరాదని నిబంధన ఉన్నది.

సర్ల్ బంటింగ్ పక్షి

ఈ పథకము సాధించిన ఫలితములలో బాగా నమోదైనది ఈ చిన్న పక్షి కథ. ఒకప్పుడు దక్షిణ ఇంగ్లండులో విరివిగా ఉన్న ఈ పక్షి 1989 నాటికి 118 జంటలకు తగ్గినది. అవీ దాదాపు అన్నీ దక్షిణ డెవన్‌లోనే. చలికాలములో దీనికి ఆహారము పంట కోసిన పొలములోని కొయ్యకాళ్ళ మధ్య రాలిన గింజలు, కలుపు విత్తనములు. రైతులు శరదృతువులోనే మరుసటి పంట విత్తుట అలవాటు చేసుకొనుటతో కొయ్యకాళ్ళు మాయమైనవి. ఈ పక్షి చలికాలములో కూడా గూటికి సుమారు 2 కిలోమీటర్లు దాటి పోదు కాబట్టి ఎక్కడో దూరాన గింజలున్నా ప్రయోజనము లేదు.

పథకము క్రింద డెవన్ రైతులు వసంతములో బార్లీ విత్తి, కోత తరువాత కొయ్యకాళ్ళను చలికాలమంతా అట్లే ఉంచారు. పిల్లలకు మేతయైన మిడతల కొరకు గరుకు గడ్డిని, గూళ్ళ కొరకు దట్టమైన కంచెలను పెంచారు. పక్షి సంరక్షణ సంస్థ ఉద్యోగులు ఇంటింటికి వెళ్ళి రైతులకు సలహాలిచ్చారు. 2016 గణనలో 1,078 జంటలు ఉన్నట్లు తేలినది.

సందర్శకులు, దారులు

ఇంగ్లండులో పొలముల గుండా పోవు కాలిదారులపై ప్రజలకు చట్టబద్ధమైన హక్కున్నది. మన పుంతలు, డొంకదారుల వలెనే అవి కూడా తరతరాల వాడుక వలన ఏర్పడినవి. ఒకసారి హక్కుగా నమోదైన దారిని రైతు తనంత తాను మూసివేయలేడు. 2000 సంవత్సరపు చట్టము కొండలు, బీడుభూములు, ఉమ్మడి భూములపై స్వేచ్ఛగా నడచు హక్కును కూడా ఇచ్చినది గాని, అది సాగు పొలములకు వర్తించదు.

పథకము ఇచ్చినది మూడవ రకము దారి. రైతు డబ్బు పుచ్చుకొని, ఒప్పంద కాలము వరకు అనుమతించు దారి. విడివిడిగా ఉన్న పాత దారులను కలుపుటకు, వాహనముల రోడ్డుపై నడవకుండా తప్పించుటకు ఇవి ఎంతో ఉపకరించినవి. పాఠశాల పిల్లలను పొలమునకు రానిచ్చినందుకు కూడా చెల్లింపు ఉండేది. సందర్శకుల విలువ 2001లో అందరికీ తెలిసివచ్చినది. గాలికుంటు వ్యాధి వలన దారులు మూసినపుడు గ్రామీణ పర్యాటకమునకు కలిగిన నష్టము వ్యవసాయ నష్టమును మించినది.

అయితే ఈ దారుల బలహీనత ఒప్పందములోనే ఉన్నది. కొత్త అనుమతి దారులకు చెల్లింపులు 2010లో నిలిపివేశారు. అంతకు ముందటి ఒప్పందములు ఒక్కొక్కటిగా ముగిసిన కొలదీ, దారి తెరచి ఉంచుట రైతు ఇష్టము మీద ఆధారపడినది. నాటిన కంచె ఒప్పందము ముగిసినా నిలుచును, కట్టిన గోడ నిలుచును. అనుమతి దారికి మాత్రము గేటుకు తాళము వేస్తే చాలు. పదేళ్ళు నడచిన ఊరివారికి అక్కడ ఏ హక్కూ మిగలదు.

తరువాతి పథకములు

2005లో ఎన్విరాన్‌మెంటల్ స్టూవర్డ్‌షిప్ వచ్చినది. దీని ప్రవేశ శ్రేణిలో అర్హతగల ప్రతి రైతుకు హెక్టారుకు 30 పౌండ్లు ఇచ్చారు. ఎక్కువమంది చేరినా, పలువురు అప్పటికే చేయుచున్న సులభమైన పనులనే ఎంచుకొన్నారని విమర్శ వచ్చినది. 2014లో దానికి కొత్త దరఖాస్తులు ఆగి, 2015లో రెండవ కంట్రీసైడ్ స్టూవర్డ్‌షిప్ మొదలైనది. ఐరోపా సమాఖ్య నుండి వైదొలగిన తరువాత 2020 వ్యవసాయ చట్టము ప్రజాధనమును ప్రజాప్రయోజనములకే వెచ్చించు విధానమును చేపట్టినది. భూవిస్తీర్ణమును బట్టి ఇచ్చు పాత సహాయధనమును క్రమముగా తగ్గించి, 2022లో సస్టెయినబుల్ ఫార్మింగ్ ఇన్సెంటివ్ అను పథకమును ప్రవేశపెట్టారు. 2025 మార్చి 11న దానికి కొత్త దరఖాస్తుల స్వీకరణను ప్రభుత్వము ఉన్నట్టుండి నిలిపివేసినది. పాత సహాయధనము తగ్గిపోవుచున్న సమయములో జరిగిన దీనిని రైతు సంఘములు తీవ్రముగా విమర్శించినవి.