వర్తకుడి చిట్టా కూడా చరిత్రే

1764 ఆగస్టులో బోస్టన్ వర్తకుడు థామస్ హాంకాక్ కన్నుమూశాడు. పుస్తకాల దుకాణంతో మొదలుపెట్టి తిమింగలం నూనె, తేయాకు, సైన్యానికి సరుకుల సరఫరా దాకా ఎదిగిన మనిషి. పిల్లలు లేకపోవడంతో వ్యాపారం అన్న కొడుకు జాన్ చేతికి వచ్చింది. పన్నెండేళ్ల తర్వాత, 1776లో, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద అందరికంటే ముందు, అందరికంటే పెద్ద అక్షరాలతో సంతకం పెట్టింది ఈ జానే.

ఆ సంతకం లోకమంతా ఎరుగును. చరిత్రకారులకు అంతకంటే ఎక్కువ అక్కరకొచ్చినవి ఆ ఇంటి లెక్కల పుస్తకాలు, ఉత్తరాలు. 1664 నుంచి 1854 దాకా పోగైన హాంకాక్ కుటుంబ పత్రాలను హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లోని బేకర్ లైబ్రరీ భద్రపరిచింది. డబ్ల్యూ.టి. బాక్స్టర్ 1945లో వెలువరించిన ‘ది హౌస్ ఆఫ్ హాంకాక్’కు ఆ కుటుంబ పత్రాలే ఆధారం. ఆనాటి వలస రాజ్యంలో నాణేలకు కటకట. కొన్నవాడు డబ్బు ఇవ్వలేడు. సరుకు ఖాతాలో రాయించుకుని, తర్వాత తన సరుకో కష్టమో జమ కట్టించేవాడు. నాణెం చేయాల్సిన పనిని ఖాతా పుస్తకమే చేసిందన్నమాట. ఈ సంగతి ఏ రాజశాసనంలోనూ దొరకదు, చిట్టాలోనే దొరుకుతుంది.

హాంకాక్ కంటే దాదాపు వందేళ్ల ముందు మన తెలుగువాడు కాశీ వీరన్న మద్రాసులో ఈస్టిండియా కంపెనీకి ప్రధాన వర్తకుడు. కంపెనీ ఇచ్చిన బయానా ఆయన ద్వారా నేతగాళ్లకు చేరేది. నమూనాకు తగిన బట్ట తిరిగి ఆయన ద్వారానే కంపెనీ కోటకు వచ్చేది. ఇంగ్లండు నుంచి దిగిన సరుకునూ ఆయన కొనుక్కునేవాడు. 1680లో వీరన్న చనిపోతే కోట ఫిరంగులు పేల్చి గౌరవించింది. ఆయన భార్య సహగమనానికి సిద్ధపడితే గవర్నరు స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ ఒప్పుకోలేదు. ఇవన్నీ మనకు తెలిసింది వీరన్న పుస్తకాల వల్ల కాదు, కంపెనీ దస్త్రాల వల్ల. కంపెనీతో పని పడినప్పుడే వీరన్న మనకు కనిపిస్తాడు. ఏ నేతగాడికి ఎంత ఇచ్చాడు, ఎవరి బాకీ వదిలేశాడు, ఏ ఏడు నష్టపోయాడు అన్నవి కంపెనీ గుమాస్తాకు అక్కర్లేని సంగతులు.

అదే కోటలో 1672లో గుమాస్తాగా చేరి 1687లో గవర్నరైన ఎలిహు యేల్ పుట్టింది బోస్టన్‌లోనే. వజ్రాల వ్యాపారంలోనూ ఆయన గట్టిగా గడించాడు. 1718లో ఆయన అమెరికాలోని ఒక చిన్న కళాశాలకు 417 పుస్తకాలు, తొమ్మిది మూటల సరుకు పంపాడు. సరుకు అమ్మితే 562 పౌండ్లు వచ్చాయి. కళాశాలకు ఆయన పేరే స్థిరపడింది. ఇచ్చినవాడి పద్దు నిలిచింది. ఈ తీరంలో ఆ సంపదకు మూలమైన చేతుల లెక్క చాలావరకు పోయింది.

ఏలూరుకు చెందిన కావలి సోదరులు కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ కోసం ఊరూరి చరిత్రలు సేకరించారు కాబట్టి కైఫీయతులు మనకు దక్కాయి. వాటిలో రాజులు, గుళ్లు, మాన్యాలు, కరణాలు బాగానే ఉంటారు. కొట్టు లెక్కలు మాత్రం తక్కువ.

హాంకాక్ నాటి ఖాతా పద్ధతి నూజివీడు దగ్గరి మా చాట్రాయిలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఈ చుట్టుపక్కల మామిడి ఊళ్లన్నీ ఖాతా మీద నడిచినవే. పూత మీదే తోట గుత్తకు మాట్లాడుకోవడం, వ్యాపారి దగ్గర బయానా తీసుకోవడం, మందులకూ దున్నకానికీ వాడుకోవడం, బంగినపల్లి, రసాలు, కలెక్టర్ కాయ కోతకొచ్చాక లెక్క తేల్చుకోవడం ఇక్కడి రివాజు. అలాంటి పాత పుస్తకంలో ఒక్క పద్దు చాలు: తోట ఎవరిది, బయానా ఎంత, కాయ ఏ తేదీన దిగింది, తరుగు ఎంత తీశారు, కోత కూలి ఎంత పడింది, లారీ ఏ ఊరికి వెళ్లింది. ఇలాంటివి ముప్పై ఏళ్లవి వరసగా దొరికితే కోత ముందుకు జరిగిందో వెనక్కి పోయిందో, ఏ రకం తగ్గి ఏ రకం పెరిగిందో, కూలీ చేతికి నిజంగా ఏం మిగిలిందో తెలుస్తుంది. ప్రభుత్వ గణాంకాలు సగటు చెబుతాయి. చిట్టా ఒక్కో ఇంటి సంగతి చెబుతుంది.

అందుకే పాత చిట్టా, ఆవర్జాలను చిత్తుకాగితాల కింద తూకానికి వేయొద్దని ప్రతి కమీషన్ కొట్టునూ, ప్రతి రైతు ఇంటినీ కోరుతున్నాను. చెదలు, నిమ్ము తగలనిచోట పెట్టండి. ఫోన్‌తోనైనా పేజీలు వరసగా ఫొటోలు తీయండి. ఎవరు రాశారు, ఏ ఏళ్లవి, అందులోని గుర్తులకు అర్థమేమిటి అన్నది ఇంటి పెద్దలను అడిగి ఒక కాగితం మీద రాసి జతచేయండి. 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలను దాచబట్టే నూరేళ్ల నాటి సంగతులు నేడు చదవగలుగుతున్నాం. లెక్కల పుస్తకాలకూ అలాంటి నీడ కావాలి. ఊరి గ్రంథాలయంలో ఒక బీరువాతోనైనా మొదలుపెట్టవచ్చు.

అప్పుల గుట్టు బయటపడుతుందేమోనన్న బెరుకు సహజం. ఇన్నేళ్లు గడిచేదాకా ఎవరికీ చూపకూడదని షరతు రాయించుకునే ఇవ్వండి. వీరన్న గురించి తెలుసుకోవాలంటే కంపెనీ రాసిందే మనకు దిక్కయింది. మామిడి సీమకు ఆ గతి పట్టకుండా చూడటం ఇప్పటికీ మన చేతుల్లోనే ఉంది.