డేటాబేస్‌లలో లాక్ పోటీ

వందలాది లావాదేవీలు ఒకేసారి నడిచే డేటాబేస్ మందగిస్తే ముందుగా అనుమానించేది ప్రాసెసర్‌నే. చాలాసార్లు అది ఖాళీగానే ఉంటుంది. లావాదేవీలే ఒకే రికార్డు మీది లాక్ కోసం, అంటే దాన్ని కాసేపు తమకే బిగించుకునే హక్కు కోసం, ఒకదాని వెనక ఒకటి కాచుకుని ఉంటాయి.

ఈ కథకు పునాది శాన్ హోసేలోని ఐబీఎం పరిశోధనశాలలో, సిస్టమ్ ఆర్ ప్రాజెక్టులో పడింది. ఎస్వారన్, జిమ్ గ్రే, లోరీ, ట్రైగర్ 1976లో రెండు దశల లాకింగ్‌ను వివరించారు: ఒక్క లాక్ వదిలాక లావాదేవీ కొత్త లాక్ పట్టకూడదు. లెక్క తప్పదు, కానీ పట్టుకున్నంతసేపూ మిగతావారు ఆగాలి.

1979లో గ్రే, బ్లాస్‌జెన్, మిటోమా, ప్రైస్ కలిసి రాసిన కాన్వాయ్ వ్యాసం చిన్నదే. అయినా ఈ చరిత్రలో ఇంతగా కళ్లు తెరిపించే రచన అరుదు. అందరికీ మాటిమాటికీ కావలసిన లాక్‌ను పట్టుకున్న ప్రాసెస్‌ను సరిగ్గా అప్పుడే ఆపరేటింగ్ సిస్టమ్ పక్కన పెడుతుంది. ఆ కాసేపట్లో మిగతావన్నీ కాన్వాయ్‌లా బారు తీరతాయి. అది తిరిగొచ్చి లాక్ వదిలినా బారు కరగదు. వరుస ప్రకారం లాక్ నిద్రలో ఉన్న తర్వాతి ప్రాసెస్‌కు పోతుంది. వదిలినదానికి క్షణంలో మళ్లీ అదే కావలసివచ్చి బారు చివరికి చేరుతుంది. ఇక యంత్రానికి ఒకరిని నిద్రపుచ్చి మరొకరిని లేపడమే పని. వారు సూచించిన మందు: వదిలిన లాక్‌ను ఎవరికీ కేటాయించకుండా, కాచుకున్నవారిని లేపి, ముందు అందుకున్నవారికి దక్కనివ్వాలి. న్యాయంగా కనిపించిన వరుసే జబ్బును నిలిపి ఉంచింది.

చదివేవారు రాసేవారి కోసం ఆగనక్కర్లేకుండా రికార్డుల పాత ప్రతులను దాచే పద్ధతికి డేవిడ్ రీడ్ 1978 ఎంఐటీ సిద్ధాంతగ్రంథం దారి చూపింది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 1999లో, 6.5 వెర్షన్‌తో దాన్ని అందుకుంది. పాత ప్రతులను ఊడ్చే పని కొత్తగా నెత్తిన పడింది.

రాసేవారి మధ్య పోటీ మాత్రం అలాగే ఉండిపోయింది. 1985 నాటి డెబిట్-క్రెడిట్ పరీక్షలో ప్రతి జమా, ప్రతి చెల్లింపూ ఖాతానే కాక బ్రాంచి మొత్తం నిల్వనూ మార్చాలి. ఖాతాలు ఎన్నున్నా ఆ బ్రాంచి లావాదేవీలన్నీ ఒకే రికార్డు దగ్గర ఇరుక్కుంటాయి. కూడికలు, తీసివేతలు ఏ వరుసలో జరిగినా మొత్తం ఒకటే కదా! ఆ గుణాన్నే వాడుకుంటూ ప్యాట్రిక్ ఓనీల్ 1986లో ఎస్క్రో పద్ధతిని ప్రతిపాదించాడు: రికార్డును బిగించకుండా, కావలసిన మొత్తాన్ని మాత్రం విడిగా కేటాయించి ఉంచాలి.

2014లో పరిశోధకులు వెయ్యి కోర్ల యంత్రాన్ని సిమ్యులేటర్‌లో సృష్టించి, ఒకేసారి నడిచే లావాదేవీలను అదుపు చేసే ఏడు పద్ధతులను పరీక్షించారు. ఆ స్థాయిలో ఒక్కటీ నిలబడలేదు.