ట్రిప్టోఫాన్ పంపకం: పెల్లాగ్రా నుంచి పేగు సూక్ష్మజీవుల దాకా

సారాంశం

ట్రిప్టోఫాన్ మన శరీరం సొంతంగా తయారు చేసుకోలేని అమైనో ఆమ్లం. తిండితో వచ్చే ఆ కొద్దిపాటి సరుకుకు ముగ్గురు వాటాదారులున్నారు. కాలేయమూ రోగనిరోధక కణాలూ దాన్ని కైన్యురెనిన్ దారిలో నడిపిస్తాయి. పేగు గోడలోని కొన్ని కణాలు సెరటోనిన్‌గా మారుస్తాయి. పెద్దపేగులోని సూక్ష్మజీవులు ఇండోల్‌నూ దాని బంధువర్గాన్నీ పుట్టిస్తాయి. జబ్బు చాలాసార్లు సరుకు కొరత వల్ల కాక, పంపకం తప్పడం వల్ల వస్తుందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. హైదరాబాదులో జరిగిన పెల్లాగ్రా పరిశోధన, హార్ట్‌నప్ వ్యాధి, మూత్రపిండాల వైఫల్యం అనే మూడు సందర్భాల ద్వారా దీన్ని పరిశీలిస్తున్నాను.

కీలక పదాలు: ట్రిప్టోఫాన్, నియాసిన్, పెల్లాగ్రా, జొన్న, ఇండోల్, పేగు సూక్ష్మజీవులు, మూత్రపిండాల వ్యాధి

1. ప్రశ్న పుట్టిన చోటు

పెల్లాగ్రా రోగిని ఒకసారి చూసినవారు మరచిపోలేరు. ఎండ తగిలే చోటల్లా, అంటే ముంజేతుల మీద, పాదాల మీద, మెడ చుట్టూ చర్మం నల్లబడి, మందమై, పొలుసులు లేస్తుంది. నల్లబడిన చోటికీ మామూలు చర్మానికీ నడుమ గీత గీసినట్టు అంచు తేలి ఉంటుంది. మెడ చుట్టూ కంటె పెట్టినట్టు కనిపించే ఆ మచ్చను వైద్యులు ఇప్పటికీ కసాల్ పేరుతోనే పిలుస్తారు. స్పెయిన్‌లోని ఆస్టూరియాస్‌లో 1735లో ఈ జబ్బును గుర్తించి వర్ణించిన వైద్యుడు గాస్పర్ కసాల్. చర్మం తరవాత విరేచనాలు, ఆపైన మతి చెదరడం, వైద్యం అందకపోతే చావు.

పెల్లాగ్రా అంటువ్యాధి కాదని, తిండి లోపమని అమెరికాలో జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ నిరూపించాడు. 1915లో మిసిసిపీలోని ఒక జైలు పొలంలో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఖైదీలకు మొక్కజొన్న ప్రధానంగా ఉన్న తిండి పెడితే 11 మందిలో ఆరుగురికి జబ్బు లక్షణాలు కనిపించాయి. 1937లో కాన్రాడ్ ఎల్వెహ్యెమ్ కుక్కల్లో వచ్చే ఇదే తీరు జబ్బును నికోటినిక్ ఆమ్లంతో, అంటే నియాసిన్‌తో నయం చేశాడు. అయినా ఒక చిక్కు మిగిలింది. పాలలో నియాసిన్ చాలా తక్కువ. మరి పాలు తాగేవారికి పెల్లాగ్రా ఎందుకు రాదు? 1945లో క్రెల్, టెప్లీ, పి.ఎస్. శర్మ, ఎల్వెహ్యెమ్ కలిసి ఎలుకల మీద చేసిన ప్రయోగాలు ఆ చిక్కు విప్పాయి. ట్రిప్టోఫాన్ ఉంటే నియాసిన్ లోటు తీరుతుంది. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుంచి ఒక మిల్లీగ్రాము నియాసిన్ తయారవుతుందని తరవాత లెక్క తేలింది. పాలలోని ప్రొటీనులో ట్రిప్టోఫాన్ దండిగా ఉంది కాబట్టి పాలు కాపాడాయి.

ఈ లెక్క దక్కను పీఠభూమి దగ్గరికి వచ్చేసరికి తప్పింది. ఇక్కడ పెల్లాగ్రా బారిన పడినవారు మొక్కజొన్న తినేవారు కారు, జొన్నరొట్టె, జొన్న గటక మీద బతికే పేదలు. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ తక్కువన్నది నిజమే కాని, జొన్నలో అంత తక్కువ కాదు. సరుకు ఉంది, జబ్బూ ఉంది. 1950ల చివర కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్న పరిశోధనశాలలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య ఈ వైరుధ్యాన్ని పట్టుకున్నారు. 1960లో ‘లాన్సెట్’ పత్రికలో వారు చూపిన జవాబు లూసిన్. జొన్న ప్రొటీనులో ఈ అమైనో ఆమ్లం మోతాదుకు మించి ఉంటుంది. అది ట్రిప్టోఫాన్ నియాసిన్‌గా మారే దారిలో అడ్డుపడుతుందన్నది వారి సిద్ధాంతం. ఈ దారిలోని ఎంజైముల పనితీరు లూసిన్ వల్ల మారుతుందని అదే సంస్థకు చెందిన గఫూరున్నీసా, బి.ఎస్. నరసింగరావు 1973లో ఎలుకల్లో చూపారు. ఇతర దేశాల ప్రయోగశాలలు కొన్ని ఈ ఫలితాలను తిరిగి రాబట్టలేకపోయాయి, వాదం చాలాకాలం నడిచింది.

లూసిన్ సిద్ధాంతం ఎంతవరకు నిలిచిందన్నది ఒక ఎత్తు. ఆ పరిశోధకులు వేసిన ప్రశ్న మరో ఎత్తు. కంచంలో ఎంత ఉందని అడిగి ఆగిపోకుండా, తిన్నది లోపల ఎటు పోయిందని వారు అడిగారు. పేగు సూక్ష్మజీవుల గురించి ఇవాళ ప్రపంచమంతా వెతుకుతున్న జవాబులు ఆ ప్రశ్నకే.

2. కాలువ, తూములు

ఈ పంపకాన్ని కాలువ నీటితో పోల్చుకుంటే సులువుగా బోధపడుతుంది. ఎగువ తూము ఎంత తెరిచారన్న దాన్ని బట్టే చివరి భూముల రైతుకు నీరు అందుతుంది. మొత్తం నీరు తక్కువేమీ కాకపోయినా చివరి మడి ఎండవచ్చు.

శరీరం లోపల ట్రిప్టోఫాన్‌కు అతిపెద్ద తూము కైన్యురెనిన్ దారి. ప్రొటీన్ల తయారీకి పోగా విచ్ఛిన్నమయ్యే ట్రిప్టోఫాన్‌లో సుమారు 95 శాతం ఇటే పోతుంది. నియాసిన్ తయారయ్యేది ఈ దారి చివరనే. మామూలు రోజుల్లో ఈ తూము కాలేయం చేతిలో ఉంటుంది. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ చేరి ఇంటర్‌ఫెరాన్ గామా పెరిగితే ఐడీఓ-1 అనే ఎంజైము శరీరమంతటా మేలుకుంటుంది. ఆ ఎంజైము ట్రిప్టోఫాన్‌ను కరిగించేసి, కణంలో దాక్కున్న టాక్సోప్లాస్మా పరాన్నజీవికి తిండి లేకుండా చేస్తుందని 1984లో ఫెఫర్‌కార్న్ చూపాడు. తల్లి శరీరం కడుపులోని పిండాన్ని పరాయిదిగా ఎంచి తిప్పికొట్టకుండా ఉండటంలోనూ ఈ ఎంజైముకు పాత్ర ఉందని 1998లో మన్, మెల్లర్ బృందం ఎలుకల్లో నిరూపించింది. క్యాన్సర్ కణాలూ ఇదే ఎత్తు వేస్తాయన్న అంచనాతో ఐడీఓ-1ను అడ్డుకునే ఎపకాడోస్టాట్ అనే మందును మెలనోమా రోగుల్లో పరీక్షించారు. 2018లో ఆ పెద్ద పరీక్ష విఫలమైంది. ఒక్క తూము మూసినంత మాత్రాన పంపకం చక్కబడదని ఆ వైఫల్యం నేర్పింది.

తూములు తప్పితే ఏమవుతుందో తెలియడానికి కార్సినాయిడ్ కణితి ఒక ఉదాహరణ. ఆ కణితి ట్రిప్టోఫాన్‌ను సెరటోనిన్ తయారీకే మళ్లించుకుంటుంది. రోగి చక్కగా తింటున్నా పెల్లాగ్రా రావచ్చు. క్షయ మందు ఐసోనియాజిడ్ మరో ఉదాహరణ. అది విటమిన్ బి-6ను పనిచేయనివ్వదు. కైన్యురెనిన్ దారిలో ఒక ముఖ్యమైన ఎంజైముకు బి-6 తోడు కావాలి. అది అందకపోతే నియాసిన్ తయారీ కుంటుపడుతుంది. క్షయ మందులతో పాటు బి-6 మాత్ర ఇచ్చేది ముఖ్యంగా నరాలను కాపాడటానికే అయినా, ఈ దారికీ అది అండ.

3. తలుపు మూసుకుంటే

చిన్నపేగులో ట్రిప్టోఫాన్ లోపలికి రావడానికి ప్రత్యేకమైన రవాణా ప్రొటీను ఒకటుంది. పుట్టుకతో అది పనిచేయనివారికి వచ్చేది హార్ట్‌నప్ వ్యాధి. 1956లో ఇంగ్లండులో ఒక కుటుంబంలో దీన్ని తొలిసారి గుర్తించారు. ఎండకు చర్మం కమలడం, తూలుతూ నడవడం వంటి లక్షణాలతో రోగులు పెల్లాగ్రా వచ్చినవారిలాగే కనిపిస్తారు. లోపలికి చేరని ట్రిప్టోఫాన్ దిగువకు, పెద్దపేగుకు పోతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని ఇండోల్‌గా మారుస్తాయి, దాని ఆనవాళ్లు మూత్రంలో కనిపిస్తాయి. శరీరానికి అందనిది సూక్ష్మజీవులకు అందిందన్నమాట.

ఈ రవాణా ప్రొటీను పేగు గోడలో నిలబడాలంటే ఏసీఈ-2 అనే మరో ప్రొటీను ఆసరా కావాలి. కోవిడ్ కాలంలో వైరస్ లోపలికి దూరే ద్వారంగా లోకమంతా విన్న పేరే ఇది. 2012లో హషిమోటో, పెనింగర్ బృందం ‘నేచర్’లో ప్రచురించిన పరిశోధన నాకు ఈ రంగంలో అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. ఏసీఈ-2 లేని ఎలుకల్లో ట్రిప్టోఫాన్ లోపలికి సరిగా రాలేదు. పేగు గోడ స్రవించే సూక్ష్మజీవినాశక ప్రొటీన్లు తగ్గాయి, పేగులోని సూక్ష్మజీవుల కూర్పు మారింది. పేగును రేపే రసాయనం ఇస్తే మామూలు ఎలుకల కంటే తీవ్రంగా పుండ్లు పడ్డాయి. ఆ మారిన సూక్ష్మజీవులను ఇతర ఎలుకల్లోకి మార్చితే వాటికీ ఆ బలహీనత సంక్రమించింది. ట్రిప్టోఫాన్‌ను మరో అమైనో ఆమ్లంతో జంట కట్టి ఇస్తే మాత్రం మేలు కనిపించింది. ఒంటరిగా రాలేని తలుపు మూసుకున్నా, జంటగా వచ్చే తలుపు వేరే తెరిచి ఉంటుంది మరి. నియాసిన్ రూపమైన నికోటినమైడ్ కూడా అదే మేలు చేసింది.

పెల్లాగ్రా రోగికి విరేచనాలు ఎందుకవుతాయన్న పాత ప్రశ్నకు ఈ ప్రయోగంలో ఒక జవాబు దొరుకుతుంది. పోషకాహార లోపం పేగు గోడను నేరుగా బలహీనపరచడమే కాక, అక్కడి సూక్ష్మజీవుల సమాజాన్నీ తారుమారు చేస్తుంది.

4. ఎర్ర ఉంగరం

మన వైద్య కళాశాలల్లో రెండో ఏడు చదివిన ప్రతి విద్యార్థికీ ఇండోల్ పరీక్ష తెలుసు. పెప్టోన్ నీటిలో రాత్రంతా పెంచిన బాక్టీరియా గొట్టాన్ని చేతిలోకి తీసుకుని, కోవాక్స్ రసాయనం నాలుగు చుక్కలు అంచు వెంట వదులుతారు. మెల్లగా ఊపితే పైన ఎర్రటి ఉంగరం తేలుతుంది. ఉంగరం కనబడితే అది ఇ. కోలి కావచ్చని, కనబడకపోతే క్లెబ్సియెల్లా న్యుమోనియే కావచ్చని రాసుకుని ముందుకు పోతాం. గొట్టంలోని ట్రిప్టోఫాన్‌ను ట్రిప్టోఫనేజ్ అనే ఎంజైము విరగ్గొట్టిందనడానికి ఆ ఉంగరం సాక్ష్యం. అదే చర్య మన పెద్దపేగులో రేయింబవళ్లు సాగుతుంది.

అక్కడ పుట్టిన ఇండోల్ రక్తంలోకి చేరి కాలేయానికి వెళుతుంది, అక్కడ ఇండాక్సిల్ సల్ఫేట్‌గా మారుతుంది. సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఎలుకల రక్తంలో ఈ పదార్థం కనిపించదని 2009లో వికాఫ్ బృందం చూపింది. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు దీన్ని ఎప్పటికప్పుడు బయటికి పంపేస్తాయి. అవి దెబ్బతింటే ఇది రక్తంలో పేరుకుంటుంది. రక్తనాళాలకూ మిగిలిన మూత్రపిండ కణజాలానికీ హాని చేస్తుంది. 90 శాతానికి పైగా అల్బుమిన్‌ను అంటిపెట్టుకుని ఉండటం వల్ల డయాలిసిస్ గొట్టంలోని పొర దాన్ని సరిగా వడకట్టలేదు. యూరియా దిగుతుంది, ఇది దిగదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో డయాలిసిస్ యంత్రాల మీద ఆధారపడిన కుటుంబాల బాధ తెలుగువారందరికీ తెలుసు. అక్కడి జబ్బుకు మూలకారణం ఇంకా తేలలేదు, ఇండోల్‌ను ఆ కారణంగా చూపడం తప్పు. కాని మూత్రపిండాలు ఏ కారణంగా చెడినా, ఆ తరవాత పేగులో పుట్టి రక్తంలో నిలిచే ఈ భారం రోగి మీద పడుతుంది. పేగులోనే దీన్ని పీల్చుకునే బొగ్గు గుళికలను జపాన్ 1991 నుంచి వాడుతోంది. పెద్ద అంతర్జాతీయ పరీక్షల్లో మాత్రం అవి జబ్బు ముదరడాన్ని ఆపినట్టు రుజువు కాలేదు.

ఇంతకీ ఇండోల్ వర్గమంతా విషమేనా? కాదు. క్లాస్ట్రీడియం స్పోరోజెనీస్ అనే బాక్టీరియా అదే ట్రిప్టోఫాన్ నుంచి ఇండోల్ ప్రొపియోనిక్ ఆమ్లం తయారుచేస్తుంది. ఇది పేగు గోడ బిగువును కాపాడుతుందని 2014లో వెంకటేశ్, మణి బృందం ఎలుకల్లో చూపింది. ఫిన్లండులో జరిగిన ఒక దీర్ఘకాల అధ్యయనంలో ఇది రక్తంలో ఎక్కువగా ఉన్నవారికి టైప్-2 మధుమేహం తక్కువగా వచ్చింది. కొన్ని లాక్టోబాసిల్లస్ జాతులు తయారుచేసే ఇండోల్ ఆల్డిహైడ్ పేగు రక్షణకు అవసరమైన ఇంటర్‌ల్యూకిన్-22ను పెంచుతుందని, కాండిడా శిలీంధ్రం నుంచి కాపాడుతుందని 2013లో జెలాంటే బృందం తెలిపింది. కాబట్టి మంచి బాక్టీరియా, చెడ్డ బాక్టీరియా అన్న మాటలు ఇక్కడ దారి చూపవు. ఏ పదార్థం, ఏ అవయవంలో, ఎంత మోతాదులో, బయటికి పోయే దారి తెరిచి ఉందా లేదా అన్నవే అడగవలసిన ప్రశ్నలు.

5. పీచు చేసే మధ్యవర్తిత్వం

సూక్ష్మజీవుల్లోనూ పంపకాల తగాదా ఉంది. ఇ. కోలి ట్రిప్టోఫాన్‌ను ముందుగా అందుకుంటే ఇండోల్ పుడుతుంది, క్లాస్ట్రీడియంకు మిగలదు. 2024లో డెన్మార్క్ పరిశోధకులు ఈ తగాదాను తిండిలోని పీచు తీరుస్తుందని చూపారు. పీచును బాక్టీరాయిడీస్ జాతి బాక్టీరియా చిన్న చక్కెరలుగా విడగొడుతుంది. ఆ చక్కెరలు దొరికినంతసేపు ఇ. కోలి ట్రిప్టోఫనేజ్‌ను తగ్గించుకుంటుంది, ట్రిప్టోఫాన్ జోలికి పోదు. అలా మిగిలినది క్లాస్ట్రీడియంకు చేరి మేలు చేసే ఆమ్లాలుగా మారుతుంది. ఎవరినీ చంపలేదు, కొత్త బాక్టీరియాను తెచ్చి పోయలేదు. ఒకరికి వేరే తిండి పెట్టడంతో మరొకరి వాటా మిగిలింది. డయాలిసిస్ రోగులకు జీర్ణం కాని పిండిపదార్థం ఇచ్చిన ఒక చిన్న పరీక్షలోనూ రక్తంలో స్వేచ్ఛగా తిరిగే ఇండాక్సిల్ సల్ఫేట్ తగ్గింది.

6. తొందరపడి చెప్పకూడనివి

పై ఫలితాల్లో ఎక్కువ భాగం ఎలుకల నుంచి వచ్చినవి. మనుషుల్లో కనిపించినవి చాలావరకు సంబంధాలే తప్ప కారణాలు కావు. ఒంట్లోని సెరటోనిన్‌లో 90 శాతం పేగులో తయారవుతుందన్నది నిజం. 2015లో యానో బృందం దాని వెనక సిద్ధబీజాలు ఏర్పరచే బాక్టీరియా పాత్రను చూపింది. కాని ఆ సెరటోనిన్ రక్తం నుంచి మెదడులోకి దాటిపోలేదు. పేగు బాగుంటే దిగులు పోతుందని మాత్రలు అమ్మేవారు ఈ మాట దాచిపెడతారు. ట్రిప్టోఫాన్ మాత్రలూ ఆటబొమ్మలు కావు. 1989లో అమెరికాలో కల్తీ చేరిన ట్రిప్టోఫాన్ మాత్రలు వాడి 1,500 మందికి పైగా తీవ్రమైన కండరాల నొప్పుల జబ్బుకు గురయ్యారు, ముప్పైమందికి పైగా చనిపోయారు. తగాదా పంపకంలో ఉన్నప్పుడు సరుకు పెంచడం పరిష్కారం కాదు.

7. ముగింపు

ఒకనాటి పేదల జొన్నరొట్టె ఇవాళ నగరాల్లో ఆరోగ్యం కోసం కొనుక్కునే తిండి అయింది. అదే జొన్న, అదే లూసిన్. ఆనాడు పెల్లాగ్రా తెచ్చింది, ఈనాడు తేవడం లేదు. నాటి కూలివాడి కంచంలో రొట్టె ఒంటరిది, పక్కన కారమో ఉల్లిపాయో ఉంటే ఎక్కువ. ఇవాళ అదే రొట్టె పక్కన పప్పు, పెరుగు, ఆకుకూర, గుడ్డు ఉన్నాయి. అవి ట్రిప్టోఫాన్‌ను, బి-6ను, నియాసిన్‌ను, పీచును కలిపి తెస్తాయి. దోషం గింజది కాదు, దానికి తోడు దక్కనివ్వని లేమిది.

జొన్న తినే మన పల్లెల్లో ఈ పంపకాన్ని మొత్తంగా కొలవాలన్నది నా విన్నపం. కంచంలోని ట్రిప్టోఫాన్, పీచు ఒకవైపు, రక్తంలోని కైన్యురెనిన్, ఇండోల్ పదార్థాలు మరోవైపు, మలంలోని సూక్ష్మజీవులు ఇంకోవైపు, మూడూ ఒకే మనిషిలో, ఒకే కాలంలో చూడాలి. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, దానికి కూతవేటు దూరంలో హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ, అన్నీ ఒక్క నగరంలోనే ఉన్నాయి. తిన్నది ఎటు పోయిందని 1960లో ఇక్కడే అడిగారు. ఆనాడు వారి చేతిలో లేని పనిముట్లు ఇవాళ మన చేతిలో ఉన్నాయి.