పిల్లల మానసిక ఆరోగ్యం: మాస్టారి నెత్తిన పెట్టిన బాధ్యత

మన దేశంలో మానసిక ఆరోగ్య సేవల చరిత్రను ఆస్పత్రుల చరిత్రగానో, పథకాల చరిత్రగానో రాయడం అలవాటైపోయింది. 1982లో జాతీయ కార్యక్రమం వచ్చింది, 1996లో జిల్లాలకు దిగింది, 2022లో టెలిమానస్ ఫోన్‌లోకే వచ్చేసింది అంటారు. ఈ వరసలో పిల్లలు కనిపించరు. ఎక్కడైనా వారి ప్రస్తావన వస్తే ఒకటే మాట: డాక్టర్లు చాలరు, ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తే సరిపోతుంది. అందరూ ఒప్పుకున్న ఈ మాటకు ఉన్న ఆధారం చాలా పలచన.

తొలి అడుగులు తెలిసినవే. 1937లో బొంబాయిలోని టాటా సామాజిక సేవా విద్యాలయం పిల్లల కోసం సలహా కేంద్రం తెరిచింది. 1974లో బెంగళూరులో జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ ఏర్పడింది. 1984లో సికింద్రాబాద్‌లో జాతీయ సంస్థ వచ్చింది గాని అది బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం. దిగులుతో కుమిలిపోయే పిల్లల గోడు వేరు. 1996లో జిల్లా కార్యక్రమానికి ఎంచుకున్న మొదటి నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. అక్కడా ప్రధానంగా చూసింది తీవ్ర మానసిక వ్యాధుల్ని, మూర్ఛనే.

ఉపాధ్యాయుడే సలహాదారు కావాలన్న ఆలోచన జీవన నైపుణ్యాల బోధనతో బలపడింది. ఈ బోధనకు నిమ్‌హాన్స్ తయారుచేసిన నమూనాను కర్ణాటక బడుల్లో ఉపాధ్యాయుల చేతే నడిపించారు. ఆ పాఠాలు విన్న పిల్లల్లో ఆత్మగౌరవం, సమస్యల్ని తట్టుకునే శక్తి మెరుగ్గా ఉన్నాయని 2010లో ఫలితాలు వచ్చాయి. కొట్టిపారేయదగినవి కావు. అయితే ఏ బడికి పథకం, ఏ బడికి వద్దు అన్నది చీటీలు తీసి తేల్చిన పరీక్ష కాదది.

అలాంటి పరీక్ష బిహార్‌లోని నలందా జిల్లాలో జరిగింది. దాని పేరు సెహర్. నడిపింది గోవాకు చెందిన సంగత్ సంస్థ. ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్ని మూడు భాగాలు చేశారు. ఒకచోట మామూలు కౌమార విద్యా కార్యక్రమమే. రెండోచోట దానికి తోడు సెహర్‌ను ఆ బడి ఉపాధ్యాయుడే నడిపాడు. మూడోచోట అదే పనికి, శిక్షణ పొందిన బయటి వ్యక్తిని పెట్టారు. ఆ వ్యక్తి మనస్తత్వ నిపుణుడేమీ కాదు. ఫిర్యాదుల పెట్టె, గోడపత్రిక, పోటీలు, బృంద చర్చలు, అవసరమైన పిల్లలతో విడిగా మాటలు: చేసింది ఇంతే. 13 వేలకు పైగా పిల్లల్ని ప్రశ్నించి 2018లో ఫలితాలు ప్రకటించారు. బయటి వ్యక్తి ఉన్నచోట బడి వాతావరణం బాగుపడింది, దిగులు తగ్గింది, తోటివాళ్లు ఏడిపించడం తగ్గింది. ఉపాధ్యాయుడు నడిపినచోట చెప్పుకోదగ్గ మార్పే లేదు.

దీన్ని ఉపాధ్యాయుల మీద తీర్పుగా చదవకూడదు. పాఠాలు, పరీక్షలు, జనగణన, ఎన్నికల విధులు అన్నీ మోసేవాడికి పిల్లాడి పక్కన కూర్చునే తీరికేది? పైగా మార్కులు వేసే చేతికి మనసులో మాట చెప్పడానికి ఏ పిల్లాడైనా జంకుతాడు. ఇది నా ఊహే. ఆ పరీక్ష కారణాన్ని విడదీసి చూపలేదు. ఫలితాలు పిల్లలు స్వయంగా చెప్పిన జవాబుల మీద ఆధారపడినవి, జిల్లా కూడా ఒక్కటే. అయినా ఒకే పథకం మనిషి మారగానే ఫలితం మార్చుకుందన్నది తోసిపుచ్చలేని విషయం.

ఇక ఇప్పటి సంగతి. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13–17 ఏళ్లవారిలో 7.3 శాతం మందికి మానసిక సమస్యలున్నాయంది. సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నప్పుడు, మన దగ్గర లెక్కలు లేవన్న సంగతి ఎవరికీ పట్టలేదు. విశాఖలో నీట్‌కు చదువుతున్న అమ్మాయి మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు కనీసం ఒక అర్హత గల సలహాదారును నియమించాలంది. సిబ్బందికి ఏటా రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని కూడా చెప్పింది. ఈ రెంటిలో సులువైనదే అమలవుతుందని నా భయం: శిక్షణ తరగతులు జరుగుతాయి, పోస్టు ఖాళీగా ఉంటుంది. అర్హతల పట్టీ పొడుగైతే పల్లె బడికి ఎవరూ రారు. నలందాలో ఆ బయటి వ్యక్తికి ఉన్నది నిపుణుల డిగ్రీ కాదు. శిక్షణ, పర్యవేక్షణ, పూర్తి సమయం. ప్రతి ఉన్నత పాఠశాలకు అలాంటి మనిషి ఒకరిని జీతమిచ్చి పెట్టమని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ అడగాలి.